కిటికీలు లేని పెట్టె

“దెందులూరు... దెందులూరండీ...”

కేక వినిపించింది. కేక వేసిన మనిషి కనిపించలేదు.

వానజల్లుకు రైలుపెట్టె షట్టర్లన్నీ దించేశారు. పగలే చీకటి.

ఇందుజ ఒడిలో అట్టపెట్టె ఉంది. అందులో ఆమె చేసిన నమూనా: నేల కింద నడిచిన తొలినాటి కరెంటు రైలు. తాడేపల్లిగూడెం ఇంజనీరింగ్ కాలేజీలో ఆ ఉదయమే పోటీ. నెగ్గినవారికి మెట్రో వర్క్‌షాపులో శిక్షణ.

చెప్పవలసిన మాటలను లోలోపల వల్లె వేసుకుంటోంది. ఈ ఇంజనుకు పళ్ళచక్రాలు లేవు. మోటారును ఇరుసుకే బిగించారు. సొరంగంలో చూడటానికేముందని పెట్టెలకు కిటికీలు పెట్టలేదు. అందువల్ల...

“భీమడోలు... భీమడోలండీ...”

‘అందువల్ల’ తరువాతి మాట తప్పిపోయింది.

ఎదురుసీటులో రోజూ ప్రయాణించే బుల్లిరాజు వెనక్కి తిరిగాడు.

“రోజూ ఇదే గోల. ఇదేవన్నా ఆర్టీసీ బస్సా? మీరేవన్నా కండక్టరా?”

పెట్టెంతా నవ్వింది.

తలుపు దగ్గర ఒక ముసలాయన తడబడ్డాడు. “ఇవాళ షట్టర్లు కూడా దించేశారు కదండీ. తెలీదేమోనని...”

“మాకు తెలుసండీ,” అంది ఇందుజ. “పెద్దవారని ఇంతసేపు ఊరుకున్నాను. ఆ పిచ్చికేకలేవో మీ ఇంట్లో వేసుకోండి.”

పక్కపెట్టెలోకి పొమ్మన్నారు ఎవరో. ఆయన సంచిని కాలితో గుమ్మం వైపు తోశారు ఇంకెవరో.

పూళ్ళ స్టేషనులో ఆయన దిగాడు. వానలో తడుస్తూ పక్కపెట్టె వైపు నడిచాడు. ఊరిపేరు మాత్రం పలకలేదు.

రైలు కదిలింది. ఆగింది. మళ్ళీ కదిలింది, మళ్ళీ ఆగింది. ఇందుజ మాటలు వల్లె వేసుకుంది. బుల్లిరాజు కునుకు తీశాడు.

మూలసీటులోని యువతి చేతికర్ర తడుముకుంటూ లేచింది. పేరు గ్రేస్. తాడేపల్లిగూడెంలో సంగీతం టీచరు. చూపు లేదు.

“ఏవండీ, గూడెం ఇంకా రాలేదా? ఇవాళ ఆయన గొంతు వినపడట్లేదేంటండీ?”

బుల్లిరాజు ఉలిక్కిపడి షట్టరు ఎత్తాడు.

గూడెం దాటిపోయింది.

నిడదవోలులో దిగి, ఎదురుబండి కోసం కూర్చున్నప్పుడు గ్రేస్ చెప్పింది. తానెవరో ఆయనకు తెలియదట. ఆ కేకను నమ్ముకునే రోజూ ఆ పెట్టె ఎక్కుతుందట. ఒకసారి టీసీ పిలుస్తుంటే విని ఆయన పేరు గుర్తుపెట్టుకుందట. ఆ పేరు ఇందుజ చెవిలో పడింది.

ఆమె కాలేజీ చేరేసరికి బహుమతులు ఇచ్చేశారు.

కుర్చీలు సర్దిస్తున్న లెక్చరరు జాలిపడి నమూనా చూశాడు. రెండు పెట్టెల నడుమ నిలబడిన వేలెడు మట్టిబొమ్మ దగ్గర ఆగాడు.

“ఈ మనిషి ఎవరమ్మా?”

తప్పిపోయిన మాట అప్పుడు దొరికింది.

“పెట్టెలకు కిటికీలు లేవండి. అందువల్ల స్టేషను వచ్చినప్పుడల్లా పేరు కేకేసి చెప్పే మనిషండి.”

“ఓహో. ఏమంటారు ఇతన్ని?”

బొమ్మ మీది వానచుక్కను ఇందుజ చున్నీతో తుడిచింది.

“ఎలీయాజరు గారంటారండి.”