నీళ్లు తాగనిది

కానిస్టేబుల్ బ్రోడీ వచ్చేసరికి నోలా పెరట్లో గొయ్యి తవ్వుతోంది.

చిన్న గొయ్యి. పక్కనే పాత తువ్వాల్లో చుట్టిన మూట. మూటలోంచి బూడిదరంగు చెవి ఒకటి బయటికి కనిపిస్తోంది.

"నాదేనా ఆంటీ?" అన్నాడు బ్రోడీ, గేటు దగ్గరే ఆగిపోయి.

"నీదే. తెల్లవారుజామున పోయింది."

బ్రోడీ టోపీ తీసేశాడు. షెడ్డు గోడకి నల్లబోర్డు ఉంది. అడవి మంటల్లో కాలి, వైద్యం కోసం నోలా దగ్గర చేరిన ప్రతి కోలా ఎలుగుకీ అది దొరికిన చోటు పేరూ, తెచ్చినవాళ్ల పేరూ కలిపి పెడతారు. బోర్డు మీద పదకొండు పేర్లు. ఆఖరిది 'వోరిగల్ రోడ్డు బ్రోడీ'. దాని మీద అడ్డంగా సుద్దగీత.

తన పేరే కొట్టేసి ఉండటం చూసి అతను చూపు తిప్పుకున్నాడు.

"కాళ్లే కదా కాలింది? మొన్న ఆకులు తింటోందన్నారు!"

"కాళ్లు మానుతూనే ఉన్నాయి. పాడైంది ఊపిరితిత్తులు." నోలా పార మీద చెయ్యి ఆన్చి నిలబడింది. "నిజం చెప్పరా. నాలుగు రోజుల కిందట దొరికినప్పుడు దానికి నీళ్లు పట్టావా?"

"పట్టాను. కాలిపోయిన కొండ మీంచి ఇన్నాళ్లకి దిగి వచ్చింది కదా, పాపం. నా కాలు చుట్టేసుకుని వదల్లేదు. తల వెనక్కి వంచి సీసా అంతా పట్టించాను. గటగటా తాగేసింది. సార్జెంట్ ఫోటో కూడా తీశాడు. ఊరంతా మెచ్చుకుంది."

"తాగలేదురా. అలా పోస్తే దానికి మింగడం చేతకాదు. నీళ్లన్నీ తిన్నగా ఊపిరితిత్తుల్లోకి పోతాయి. రెండు మూడు రోజులు బాగానే ఉన్నట్టు ఉంటుంది. తర్వాత జ్వరం, ఎగశ్వాస. ఇక అంతే."

"నాకెవరూ చెప్పలేదే!"

"దాని పేరే చెబుతోంది కదా. మా అమ్మమ్మ ఇక్కడి ఆదివాసుల్లో ధారుగ్ తెగ మనిషి. వాళ్ల మాట 'గులా'. తెల్లవాళ్ల నోట్లో పడి కోలా అయింది. నీళ్లు తాగనిది అని అర్థం చెప్పేది ముసల్ది. ఆకులో ఉన్న తడే దానికి సరిపోతుంది. మరీ దాహమైతే గిన్నెలో పోసి ముందు పెట్టాలి. తల దించుకుని అదే నాక్కుంటుంది."

బ్రోడీ బోర్లించిన బకెట్ మీద కూలబడ్డాడు.

"అయితే నేనే చంపేశానన్నమాట."

"నీకు తెలీదు. తెలియక చేసినదాన్ని చంపడం అనరు. తెలిసి చేస్తే అది వేరే సంగతి. లే, మట్టి వెయ్యి."

ఇద్దరూ కలిసి గొయ్యి పూడ్చారు. చేతులు దులుపుకున్నాక గానీ బ్రోడీకి వచ్చిన పని గుర్తు రాలేదు. జేబులోంచి మడతపెట్టిన కాగితం తీశాడు.

"డెస్మండ్ గారి ఫైలు మూసెయ్యమన్నారు ఆంటీ. ముద్దాయే లేకపోతే ఇంక కేసేముంది?"

డెస్మండ్ నోలా భర్త. కొండ తగలబడిన రోజున ఎవరూ నిప్పు ముట్టించకూడదని రేడియో పొద్దున్నుంచీ మొత్తుకుంటూనే ఉంది. నోలా కూడా వద్దంది. "ముప్పై ఏళ్లుగా తగలబెడుతున్నాను, రేడియోవాడా నాకు నేర్పేది?" అని డెస్మండ్ షెడ్డు వెనక ఎండుకొమ్మల కుప్పకి అగ్గిపుల్ల గీశాడు. గాలి లేచింది. కొండ అంటుకుంది. నలభై మూడు ఇళ్లు పోయాయి. మంటలార్పడానికి ఊరి కుర్రాళ్లతో కలిసి వెళ్లిన వాళ్ల ఒక్కగానొక్క కొడుకు జారెడ్ తిరిగి రాలేదు. బ్రోడీతో కలిసి ఫుట్‌బాల్ ఆడినవాడు.

మూడోరోజు పోలీస్ స్టేషన్లోనే డెస్మండ్‌కి పక్షవాతం వచ్చింది. కుడివైపంతా పడిపోయింది. మాట పోయింది. ఎలా చూసుకోవాలో నోలాకి అన్నీ నేర్పించి ఆసుపత్రివాళ్లు ఇంటికి పంపేశారు. ఆరు వారాలు మంచం మీదే ఉండి, పోయిన శుక్రవారం కన్నుమూశాడు. నిన్ననే దహనం అయింది.

"న్యుమోనియా అని రాశారు డాక్టర్ గారు. మంచాన పడ్డవాళ్లకి మామూలేనట. చివరి వారం దగ్గరెవరున్నారని ఇక్కడో గడి ఉంది."

"నేనే. ఇంకెవరున్నారు?"

"బాగా బాధపడ్డారా ఆంటీ?"

నోలా కొండవైపు చూసింది. అక్కడ నల్లటి మోళ్లు తప్ప ఏమీ లేవు.

"దాహం, దాహం అన్నట్టు కళ్లతోనే అడిగేవాడు. గంటకోసారి నా చేత్తో నీళ్లు తాగించాను."

బ్రోడీ కళ్లు చెమర్చాయి. "జారెడ్‌ని పొట్టన పెట్టుకున్న మనిషికి! ఇంకొకరైతే మొహం కూడా చూసేవారు కాదు. మీది చాలా పెద్ద మనసు."

"ముప్పై ఎనిమిదేళ్ల కాపురంరా," అని నోలా సంతకం పెట్టింది.

బ్రోడీ గేటు దాకా వెళ్లి వెనక్కి తిరిగాడు.

"ఇంకో కోలాని తెస్తే దానికి నా పేరు పెడతారా?"

"ముందు తీసుకురా. సీసా మాత్రం కార్లోనే ఉంచు."

ఇన్ని రోజుల్లో మొదటిసారి అతను చిన్నగా నవ్వాడు.

కారు మలుపు తిరిగేదాకా చూసి, నోలా చేతులు కడుక్కుని డెస్మండ్ గదిలోకి వెళ్లింది. దుప్పటి మడిచింది. కిటికీ తెరిచింది. ఖాళీ గ్లాసు తీసి పక్కన పెట్టింది.

మంచం తలవైపు గోడకి ఆసుపత్రివాళ్లు అంటించిన కాగితాన్ని పీకి, పొయ్యిలో వేసేముందు అందులోని ఎర్రటి అక్షరాలని ఇంకొక్కసారి చదువుకుంది: 'రోగి మింగలేడు, నోట్లో చుక్క నీళ్లు కూడా పొయ్యకూడదు.'