గాలివాలు

మూడు రోజులుగా గైతున్‌కి ఒక్క దుప్పీ చిక్కలేదు.

పురిటి గుడారంలో అతని భార్య ఉలిరెన్‌కి పాలు పడలేదు. దుప్పి మాంసం చారు తాగితే తప్ప పడవని ముసలమ్మలు తేల్చేశారు. పసిగుడ్డుకి ఏడ్చే ఓపిక కూడా పోయింది.

పుట్టింటివాళ్ళు వస్తారన్న ఆశ లేదు. ఉలిరెన్ లేచిపోయి వచ్చిన రోజే ఆమె తండ్రి "నాకు కూతురే లేదు" అనేశాడు. గైతున్ ఆయన మొహం కూడా ఎరగడు.

కొండమీద మంచు కరిగి మళ్ళీ గడ్డకట్టింది. అడుగు వేస్తే అప్పడం విరిగినట్టు చప్పుడు. ఇక దుప్పి నిలుస్తుందా?

"నడవకు అబ్బాయ్, కూర్చో."

పొగమంచులోంచి ఎవరో ముసలాయన వచ్చాడు. తుపాకీ లేదు. చిటికెడు బూడిద గాలిలోకి వదిలాడు. అది నిద్రలో నడిచినట్టు మెల్లగా లోయలోకి తేలిపోయింది.

"గాలి కిందికి వీస్తోంది. ఆ పడిపోయిన చెట్టు వెనకాల కదలకుండా ఉండు."

"తుపాకీ లేనివాడివి, నాకు పాఠాలా తాతా?"

ముసలాయన నవ్వాడు. "పుట్టింది ఆడా, మగా?"

"ఆడపిల్ల. అయినా నీకెందుకు? నీ దారిన నువ్వు పో!"

"తల్లి పోలికేనా?"

గైతున్ మొహం తిప్పుకున్నాడు. ముసలాయన కొండపైకి, గాలి వచ్చే వైపుకే నడిచాడు.

"చెడగొట్టాడు! ఈయన వాసన కొండంతా నిండుతుంది" అని గైతున్ పళ్ళు కొరికాడు. చేసేదిలేక చెట్టు వెనక కూలబడ్డాడు.

పొగమంచు తెల్లగా, మెత్తగా కమ్ముకుంది. ఎంతసేపు గడిచిందో తెలియలేదు. ఉన్నట్టుండి అందులోంచి దుప్పులు ఒక్కొక్కటే దిగివచ్చాయి, వెనక్కి వెనక్కి చూసుకుంటూ. అతని ముందే ఒకటి ఆగింది.

తుపాకీ పేలింది.

వేటలో ఎదురైనవాడికి వాటా పెట్టాలి, తిట్టి పంపినవాడికైనా సరే. గైతున్ మాంసం తీసుకుని అడుగుజాడలు పట్టి పైకి వెళ్ళాడు.

దుప్పులు తప్పించుకోగల సందులు రెండే. రెండింటి దగ్గరా కొమ్మకి ఒక్కో చేతితొడుగు వేలాడుతోంది. వాటి వాసనతో సందులు మూసి, తన వాసనని గాలికి అప్పగించి, ఆయన మందని కిందికి తోలాడు.

"తాతా!"

బదులు లేదు. కొత్తగా కురుస్తున్న మంచు జాడల్ని పూడ్చేస్తోంది. ఈ చలిలో వట్టి చేతులతో వెళ్ళాడా! గైతున్‌కి సిగ్గుతో తల వాలిపోయింది.

పురిటి గుడారంలోకి మగవాడు అడుగుపెట్టకూడదు. చారు గిన్నెని, వెనకే చేతితొడుగులని కర్రకి తగిలించి లోపలికి అందించాడు.

"ఎవరో ముసలాయనవి. పేరు కూడా అడగలేదు నేను."

లోపలినుంచి ఉలిరెన్ వెక్కుతూ అంది:

"ఈ వంకర కుట్లు నేను పదేళ్ళప్పుడు వేసినవి. మా నాన్న ఇవి ఇంకా తొడుక్కుంటున్నాడా!"