ఏటా ఒక వారం

మేనేజర్ నవ్వు ఇస్త్రీ చేసి తొడుక్కున్నట్టుంది. రంగురంగుల పుస్తకం తెరిచి, సముద్రం కనిపించే గది బొమ్మ మీద వేలు పెట్టాడు.

"ఏటా ఒక వారం ఈ గది మీదేనమ్మా. ముప్పై ఏళ్ల పాటు."

"మిగతా యాభై ఒక్క వారాలు ఎవడిదండీ?" అన్నాడు బావ. లిఫ్టులు బాగుచేసే మనిషి. ఎక్కడికెళ్లినా ముందు వదులైన బోల్టు వెతుకుతాడు.

"బావా, నువ్వు కాస్త ఊరుకుందూ!" అంది చెల్లెలు.

ఆ హాల్లో గడియారం లేదు. కిటికీ లేదు. బయటికి చూస్తే మనిషికి బుద్ధొస్తుందని భయం కాబోలు.

అక్క మాత్రం ఆ గది బొమ్మ మీంచి చూపు తిప్పడం లేదు. ఇరవై ఆరేళ్లుగా ఆసుపత్రి వార్డులో ఆయా. రోగుల పక్కలు సర్దీ సర్దీ మోకాళ్లు అరిగిపోయాయి. ఆపరేషన్‌కి దాచిన డబ్బొకటే ఉంది. ఇక్కడ పెడితే మోకాళ్లకి మిగలదు.

"అక్కడ పక్కలు ఎవరు సర్దుతారు?" అని అడిగింది.

"వాళ్లేనక్కా! నువ్వు కాలు కింద పెట్టక్కర్లేదు. మేం వెళ్లినప్పుడు టీ కూడా మంచం దగ్గరికే తెచ్చారు."

"ఫొటోలేవీ?" అన్నాడు బావ.

"ఫోన్ నీళ్లలో పడిందని చెప్పాగా."

"అంత సుఖపడొచ్చిన వాడు మీ ఆయన, మొహం అలా వేలాడేసుకుని తిరుగుతాడేం?"

"అది ఆయన పుట్టుమొహం బావా!"

అక్క పకపకా నవ్వింది. అక్క నవ్విందంటే పనైపోయినట్టే. చిన్నప్పటి నుంచీ చెల్లెలికి తెలుసు.

"మరి మోకాళ్లు?" బావ గొంతు తగ్గించాడు.

"ఇన్నాళ్లు ఓర్చుకున్నాయి, ఇంకో రెండేళ్లు ఓర్చుకుంటాయిలే. కొత్త చోటా ఏంటి, నా చెల్లెలు వెళ్లొచ్చిందేగా."

చెల్లెలు పెన్ను మూత తీసి మరీ అందించింది. చదువుదామని బావ పట్టుకున్న కాగితాలు అక్క లాక్కుంది. మేనేజర్ చూపించిన తొమ్మిది చోట్లా సంతకం పెట్టింది. చెక్కు రాసిచ్చింది.

బావ చేయి పట్టుకుని కుంటుకుంటూ లిఫ్టు ఎక్కింది.

"గొడుగు మర్చిపోయా, మీరు దిగండి," అంటూ చెల్లెలు వెనక్కి పరిగెత్తింది.

"మా బదులు ఇంకొకర్ని చేర్పిస్తేనే మమ్మల్ని వదుల్తానన్నారుగా సార్," అంటూ మేనేజర్ ముందు చేయి చాపింది, "సొంత అక్కనే తెచ్చిచ్చా, ఇక మా కాగితాలు చింపేయండి."