మూడో తూటా

కార్విన్ కౌంటర్ మీద పెట్టిన తూటాల పెట్టెను పక్కన నిలబడ్డ ముసలాయన వెనక్కి నెట్టేశాడు.

"ఇవొద్దు బాబూ. రవ్వల తూటాలు జింకకి చాలు. ఎలుగుబంటికి చాలవు."

కార్విన్‌కి ఒళ్లు మండింది. ఏటి ఎగువన సాల్మన్ చేపలు లెక్కపెట్టే ఉద్యోగం మీద భార్య లిస్బెత్‌తో ఆ పొద్దునే అలాస్కాలోని మా దీవిలో దిగాడు. వేసవంతా ఇద్దరూ డేరాలో ఉండాలి. ఆ చేపల కోసమే ఎలుగుబంట్లూ వస్తాయి.

"పెద్దాయనా, నాకు ట్రైనింగ్ ఇచ్చే పంపించారు. మొదట రబ్బరు తూటా, బెదిరించడానికి. దానికి పోకపోతే రవ్వలది. అప్పటికీ మీదికొస్తే మూడోది, ఒంటి గుండు."

"మూడోది పేల్చనివ్వదయ్యా."

"ఎందుకు పేల్చనివ్వదు?"

"అంత టైం ఇవ్వదు. అన్నీ ఒంటి గుండువే పెట్టుకో. సీసం ఒకే ముద్దగా వెళ్లి ఎముక విరగ్గొడితేనే ఆగుతుంది. రవ్వలు కొవ్వులోనే ఉండిపోతాయి."

"కనపడగానే చంపెయ్యమంటారా? పాపం, దాని ఏరు, దాని చేపలు."

"దాని దారిన అది పోతుంటే కాల్చమన్నానా? కేకలెయ్యి, డబ్బా వాయించు. తుపాకీ ఎత్తేది ఇంకే దారీ లేనప్పుడే కదా!"

లిస్బెత్ మొగుడి మోచెయ్యి పట్టుకుంది. "పోనీ, ఆయన చెప్పినట్టే చేద్దాం."

కార్విన్ చెయ్యి విదిలించుకున్నాడు.

"ఇంతకీ మీరెన్ని ఎలుగుబంట్లని కొట్టారు తాతా?"

"ఒక్కదాన్నీ కొట్టలేదు."

"భలేవారే! మరి నాకా పాఠాలు?"

ముసలాయన బయటికి నడిచాడు.

కొట్టు నడిపే నస్తాస్యా ఆయన సంగతి ఏదో చెప్పబోయి నాలుక కరుచుకుంది. ప్రయాణమయ్యేవాళ్ల ముందు చావు మాట ఎత్తకూడదని మా ఊరి పట్టింపు.

ఏం పట్టింపులో, తగలెయ్య!

మూడు రకాల పెట్టెలూ సంచిలో పడ్డాయి.

జులై చివర్లో ఒకరోజు, పట్టపగలు, లిస్బెత్ మోకాలి లోతు నీళ్లలో, చేపలు లెక్కపెట్టేందుకు ఏటికి అడ్డంగా కట్టిన కంచె సరిచేస్తోంది. పొదల్లోంచి ఎలుగుబంటి దూసుకొచ్చింది.

ఒడ్డున ఉన్న కార్విన్ నేర్చుకున్నది నేర్చుకున్నట్టే చేశాడు.

రబ్బరు తూటా భుజానికి తగిలింది. అది ఆగలేదు.

రవ్వలు తగిలాయి. ఆగలేదు.

తుపాకీ మూడోసారి ఎత్తేసరికి అది లిస్బెత్ మీద ఉంది. ఎవరికి తగులుతుందోనని అతని వేలు కదల్లేదు.

ఎలుగుబంటి పొదల్లోకి వెళ్లిపోయాక ఆమెను ఒడ్డుకు లాగాడు. అప్పటికే ప్రాణం లేదు.

రేడియోలో కబురు చెప్పిన మూడు గంటలకు పడవ వచ్చింది. అందులోంచి కొట్లో చూసిన ముసలాయన దిగాడు.

కార్విన్ తలెత్తలేకపోయాడు.

ముసలాయన టోపీ తీశాడు. లిస్బెత్ మొహం మీద తడి జుట్టు పక్కకి సర్ది, వెంట తెచ్చిన ఉన్ని దుప్పటి మెడదాకా కప్పాడు. తన కూతుర్నైనా అంతకంటే జాగ్రత్తగా కప్పడు.

"తిట్టండి తాతా. చంపెయ్యండి నన్ను. లిస్బెత్ వినమంది, నేనే వినలేదు."

"లే బాబూ. అమ్మాయిని ఇంటికి చేర్చాలి."

కార్విన్ కళ్లు తుడుచుకుంటూ రాళ్ల మీద పడున్న తుపాకీ అందుకోబోయాడు.

"ఆగు, దాన్ని ముట్టుకోకు. లోపల ఒంటి గుండు ఉంటుంది, నేను దించుతాను."

కార్విన్ అయోమయంగా చూశాడు. తను ఎన్ని పేల్చాడో ఇంకా ఎవరికీ చెప్పలేదు.

"మీకెలా తెలుసు?"

ముసలాయన తుపాకీ ఒళ్లో పెట్టుకుని మూడో తూటా బయటికి తీశాడు.

"ముప్పై ఏళ్లలో ఎలుగుబంటి వాత పడి చచ్చినవాళ్లని ఆరుగుర్ని ఈ చేతులతోనే ఊరికి మోసుకెళ్లాను బాబూ, ఆరు తుపాకుల్లోనూ మూడోది అలాగే ఉంది."