గోడ దూకే పాదరసం

"మీ ప్లాంటు నుంచి పాదరసం బయటికి పోవడం ఏ వేళప్పుడు ఎక్కువ?"

తనిఖీకి వచ్చిన మేడమ్ అలా అడిగేసరికి బొగ్గుతో నడిచే ఆ కరెంటు ప్లాంటు మేనేజరు చేతిలో ఫైలు అటూ ఇటూ తిరగెయ్యడం మొదలెట్టాడు. పక్కనే హెల్మెట్లు అందిస్తున్న వాచ్‌మన్ ఆయన్ని ఆదుకోబోయాడు.

"మధ్యాహ్నం రెండు కొట్టగానే మేడమ్! రోజూ అంతే."

మేడమ్ చేతిలో కాగితం చూసుకున్నారు. పొగగొట్టంలో పాదరసం కొలిచే మీటరు గీసిన గీత రోజూ సరిగ్గా రెండింటికే పైకెగబాకుతోంది.

"ఎటునుంచి?"

"వెనక గోడ మీంచి. గేటు దగ్గర నేనుంటాగా!"

మేనేజరుకు ప్రాణం లేచొచ్చింది. పగలబడి నవ్వాడు.

"వీడి మొహం! పాదరసమంటే మా మనిషి మేడమ్. ఒక పట్టాన చేతికి చిక్కడని ఆ పేరు పెట్టాం. పొగలో పాదరసాన్ని పట్టుకునే కార్బన్ పొడి ఉంటుంది చూశారూ, అది పొయ్యడమే అతని పని. అతను లేకపోతే పొడి పడదు, పొడి పడకపోతే పాదరసం..."

చటుక్కున నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

మేడమ్ పెన్ను తీశారు. "చెప్పండి, ఆగారేం?"

వాచ్‌మన్ మళ్లీ ఆదుకున్నాడు. "కంగారు పడకండి మేడమ్. పొద్దున ఎనిమిదింటికల్లా బుద్ధిగా తిరిగొచ్చేస్తాడు."

"అతనొస్తాడయ్యా," అన్నారు మేడమ్, పొగగొట్టం వంక చూస్తూ. "అతనితోపాటు పోయింది రాదు."

వాచ్‌మన్ కూడా తలెత్తి చూశాడు. చూసి, చేతిలో మిగిలిన హెల్మెట్టు తన నెత్తిన పెట్టుకున్నాడు.