ఎర్రచింత ఏది?

జమ్ములమ్మకు కోడలి వంటలోనే కాదు, ఇంటి వెనకున్న రెండు చింతచెట్లలోనూ వంకలే కనిపిస్తాయి. కొత్త వంటగదికి చోటు కావాలని కొడుకూ కోడలూ ఎడమవైపు చెట్టు కొట్టించబోతే, పొద్దున్నే వచ్చి దాని మొదట్లో అడ్డంగా కూర్చుంది.

“రెండిట్ల ఒకటి ఎర్రచింత. మా పెద్దత్త బాయిల పడి సచ్చినంక ఇంట్ల ఎవ్వర్ని నిలవనియ్యలేదు. మంత్రగాన్ని పిలిచి దాంట్ల కట్టేసిండ్రు. అది కొడ్తే ఆమె లేస్తది. లేస్తే ఇంటి కోడల్నే పట్టుకుంటది.”

“ఇంటి కోడలంటే నేనే గద. నాకు లేని భయం నీకెందుకత్తమ్మా?” అంది సౌజన్య.

“నీకు యాడిది భయం!”

మహేశ్వర్ ఫోన్లోంచి తలెత్తాడు. “అమ్మా, చింత అసలు మన చెట్టే కాదంట. ఆఫ్రికా నుంచి వచ్చిందంట.”

“గట్లయితే మా పెద్దత్తను గూడ ఆఫ్రికాకే తోలు.”

కోతమిషను పట్టుకుని నిలబడ్డ యేసుబాబు నవ్వలేదు. “ఏది ఎర్రదో తేల్చి చెప్పు అక్కా. ఎర్రదైతే మాత్రం నేను ముట్ట.”

ఆకు చూస్తే రెండూ ఒకటే. బెరడూ అంతే. పచ్చికాయ విరిస్తేనే గుట్టు తెలుస్తుంది. మామూలు చింతకు లోపల ఆకుపచ్చ, ఎర్రచింతకు నెత్తుటి రంగు. జమ్ములమ్మకు ఏది ఏదో గుర్తులేదు, ఇప్పుడు చూపూ ఆనదు. సౌజన్య డిగ్రీలో చెట్ల చదువే చదివింది. కాబట్టి తీర్పు ఆమెదే అయింది.

దోటి అందుకుని ఎడమ చెట్టు గుబురులోకి పెట్టి లాగింది. ఒక కాయ రాలింది. విరిచింది. లేత ఆకుపచ్చ.

“ఇది మామూలుదే. కొట్టు, యేసుబాబూ.”

“జర ఇంకొక్క కాయ చూడరాదే పిల్లా,” అంది అత్త.

“అన్నం ఉడికిందో లేదో చూడనీకి ఒక్క మెతుకు చాలదా అత్తమ్మా?”

జమ్ములమ్మ గొణుక్కుంటూ లేచి పక్కకు జరిగింది.

మిషను మొద్దులోకి మెత్తగా దిగింది. మూడు వంతులు తెగాక ఒక్కసారి కీచుమని అరిచింది. నిప్పురవ్వలు లేచాయి. యేసుబాబు వెనక్కి దూకాడు. చెట్టు ఫెళఫెళ విరిగి నేల మీద పడింది.

తెగిన మొద్దులో తుప్పుపట్టిన మేకు. దాని పక్కన ఇంకొకటి. ఆ వైపంతా వరసగా మేకులే, చెట్టు ఎప్పుడో మింగేసినవి.

“గవి మా మామ కొట్టిచ్చిన మేకులు,” అంది జమ్ములమ్మ తడిమి చూసి. గొంతు బావిలోంచి వచ్చినట్టుంది.

“ప్రభువా!” అంటూ యేసుబాబు మిషను అక్కడే వదిలేసి గోడ దాకా నడిచాడు. మహేశ్వర్ ఫోను జేబులో పెట్టుకున్నాడు.

సౌజన్య పడిన చెట్టు దగ్గరికి వెళ్లింది. కాలి కింద కాయ చిట్లింది. అరికాలికి ఎర్రగా అంటుకుంది. వంగి ఇంకో కాయ విరిచింది. ఎరుపు. మరొకటి. ఎరుపే. తలెత్తి చూసింది. తాను దోటి వేసిన కొమ్మ పడలేదు. అక్కడే గాలిలో ఊగుతోంది, కుడి చెట్టు నుంచి ఇటు చాచుకుని.

“నేను తెంపిన కాయ పక్క చెట్టుది, అత్తమ్మా. తప్పు నాదే.”

పెళ్లయిననాటి నుంచి కోడలి నోట ఆ మాట వినని జమ్ములమ్మ, కొడుకు చాటుకు జరిగి, ఆమెకు రెండు చేతులూ జోడించింది.

“ఎప్పుడొచ్చినవ్, పెద్దత్తా?”