ఎత్తుకు అలవాటు

జానీ బాషా నడుము పట్టేసిందని సెలవు పెట్టాడు. నడుము బాగానే ఉంది. కాళ్ళే మాట వినడం లేదు.

గల్ఫ్‌లో, దుబాయ్ పక్కనున్న ఫుజైరాలో కరెంటు టవర్ల కొసకెక్కి బోల్టులు బిగించడం అతని పని. పోయిన నెల పక్కనే పనిచేస్తున్న ఇమామ్ హుస్సేన్ పట్టు తప్పి పడ్డాడు. బతికాడు గానీ చంకలో కర్రలతో ఊరికి వెళ్ళాడు. అప్పటినుంచి బాషా నాలుగు మెట్లెక్కితే చాలు, చెమటలు పట్టి దిగిపోతున్నాడు.

"శనివారం పైకెక్కు. లేదంటే ఖలాస్, ఊరికి టికెట్ తీసుకో" అన్నాడు ఫోర్‌మన్.

ఈ సంగతి భార్య షహర్బానుకు చెప్పలేదు. ఆమె దిగులు ఆమెకుంది. బిడ్డకు ఒళ్ళంతా చెమటకాయలు.

"మన క్వార్టర్ల వెనకాల కొండ మీద చల్లగాలి ఉంటాదంట. బిడ్డను తీసుకుపోదాం" అంది. "కాకపోతే ఎత్తు మీదికి పోతే నాకు తల తిరగతాది."

"అయితే మానుకో."

"మా అన్న లేహ్‌లో మిలిటరీలో ఉండాడు గదా. జవాన్లను ఒక్కసారే పైకి తోలరంట. కాస్త ఎక్కించి, మళ్ళీ దించి పండబెడతారంట. మర్నాడు ఇంకాస్త. ఒళ్ళు ఎత్తుకు అలవాటు పడతాదంట."

"అవి హిమాలయాలు, బానూ. ఇది రాళ్ళ గుట్ట."

"ఆ సంగతి నా తలకాయకు తెలవొద్దా?"

"మరి నా నడుము?"

"నడిస్తేనే సడలతాది."

మొదటి సాయంత్రం తుమ్మచెట్టు దాకా ఎక్కారు. షహర్బాను అక్కడే కూలబడింది. నీళ్ళు తాగి, అతని చెయ్యి పట్టుకుని, కళ్ళు గట్టిగా మూసుకుంది.

"కిందికి చూస్తే పడిపోతా. నా బదులు మీరు చూడండి. మన ఇల్లు కనపడతా ఉండాదా?"

"ఉండాది" అన్నాడు బాషా, ఎదురుగా ఉన్న చెట్టును చూస్తూ.

"బట్టల తీగ మీద ఏం ఆరతా ఉండాది?"

చూడక తప్పలేదు. చెట్టు మొదలు పట్టుకుని కిందికి తొంగి చూశాడు. "నా లుంగీ" అన్నాడు.

మర్నాడు ఇంకొంచెం పైకి. తీగ మీద బిడ్డ గౌను. ఆ మర్నాడు గాలికి రాళ్ళు దొర్లే చోట ఆగారు. తీగ మీద ఎర్ర తువ్వాలు. రోజూ ఆమె ఆయాసపడటం, అతను విసుక్కోవడం, చూసి చెప్పడం.

"ఇట్టాంటి పిరికిదాన్ని ఎట్టా కట్టబెట్టారో నాకు" అన్నాడు ఒకరోజు.

"నా ఖర్మ" అంది షహర్బాను, కళ్ళు మూసుకునే.

శుక్రవారానికి కొండ కొసకు చేరారు. చివర్న లోయలోకి పొడుచుకొచ్చిన బండ ఒకటి మిగిలింది.

"దాని మీదికి నా వల్ల కాదు. సముద్రం కనపడతాదేమో మీరే చూసి చెప్పండి."

బాషా మోకాళ్ళ మీద పాకుతూ బండ ఎక్కాడు. కాసేపటికి లేచి నిలబడ్డాడు. కనపడింది.

శనివారం ఫోర్‌మన్ క్వార్టర్లకు దగ్గర్లోని టవర్ కింద చేతులు కట్టుకుని నిలబడ్డాడు. బాషా ఎక్కాడు. సగంలో ఇనపకమ్మీని కావలించుకున్నాడు. ఆగాడు, ఊపిరి తీసుకున్నాడు, మళ్ళీ ఎక్కాడు. కొసకు చేరి, అలవాటుకొద్దీ కింద క్వార్టర్ల వైపు చూశాడు.

తీగ మీద ఏమీ లేదు.

ఎర్ర తువ్వాలు కొండ కొసన, తను పాకుతూ ఎక్కిన ఆ బండ అంచున, బిడ్డను చంకనేసుకుని నిటారుగా నిలబడి తన వైపే ఊపుతున్న షహర్బాను చేతిలో ఉంది.